దొరువు ఉప్పెక్కిన మూడో రోజు

పాలు మళ్ళీ విరిగాయి.

శకుంతల పొయ్యి కట్టేసి గిన్నెలోకి చూస్తూ నిలబడింది. పాలల్లో పోసింది అరగ్లాసు నీళ్ళే. ఆ కాసిని నీళ్ళకే పాలు ముక్కలు ముక్కలై పైన పచ్చటి నీరు తేలింది. మొన్న, గేదె ఈనడానికి దగ్గరపడింది కదా, పాలు అలాగే ఉంటాయిలే అనుకుంది. నిన్న, గిన్నె సరిగ్గా తోమలేదేమో అనుకుంది. ఇవాళ అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

అరుగు మీద ఆమె భర్త సీతారామాంజనేయులు పేపరు పట్టుకుని కూర్చున్నాడు. కాఫీ కోసం ఎదురుచూస్తున్నాడని అనలేం. రాదని తెలిసే కూర్చున్నాడు.

"విరిగాయా?" అన్నాడు, తల తిప్పకుండానే.

"ఊఁ."

"కర్లపాలెం నుంచి క్యాను తెప్పిస్తానని నిన్ననే అన్నాను. ఈ ఇంట్లోకి క్యాను నీళ్ళేంటని ఇంతెత్తున లేచావు."

"ఇవాళ తెప్పించండి."

ఆయన పేపరు దించి భార్య వంక చూశాడు. శకుంతల అంత తేలిగ్గా ఒప్పుకున్న రోజు ఆయనకి గుర్తులేదు. పేపరు పక్కన పెట్టాడు.

"పదింటికి కిరీటి వస్తాడు. కాగితాలు తెస్తున్నాడు. వాడి ముందు మొహం అలా పెట్టుకోకు."

కిరీటి ఆయన అక్కగారి కొడుకు. రేపల్లెలో కాంట్రాక్టులు చేస్తాడు. ఇంటి వెనక ఉన్న ఇసుకదిబ్బని చదును చేసి, సూర్యలంక సముద్రానికి వచ్చేవాళ్ళు దిగడానికి గదులు కట్టాలని వాడి ఆలోచన. రెండేళ్ళుగా అడుగుతున్నాడు. రెండేళ్ళుగా శకుంతల ఒకటే జవాబు చెబుతోంది. దిబ్బ ఆమె పేరు మీద ఉంది మరి.

"నీళ్ళున్నన్నాళ్ళు నీ మాట విన్నాను," అన్నాడు సీతారామాంజనేయులు. "దిబ్బ ఉంటే దొరువులో నీళ్ళుంటాయన్నావు. దొరువు ఉంటే ఇరవై ఇళ్ళవాళ్ళు ఊళ్ళో ఉంటారన్నావు. బాగానే ఉంది. ఇప్పుడు ఆ నీళ్ళేవీ?"

"తేరుకుంటాయి."

"ఎప్పటికి?"

"వానలు పడితే."

"ఉగాదే రాలేదింకా. ఇప్పుడే వానలదాకా వెళ్ళిపోయావు."

శకుంతల విరిగిన పాలని పెరట్లో పారబోయడానికి వెళ్ళి, పారబోయకుండా, గిన్నె పట్టుకుని దిబ్బ వైపు చూస్తూ ఉండిపోయింది.

కొల్లిపర పిల్ల ఆమె. ఏటి ఒడ్డున పుట్టి, కాలవలో ఈదుతూ పెరిగి, తెనాలిలో ఇంటర్మీడియెట్ చదివి, పంతొమ్మిదో ఏట ఈ ఊరి కోడలైంది. నీళ్ళంటే అడక్కుండా దొరికేవని అప్పటిదాకా ఆమెకి లెక్క. కాపురానికొచ్చిన మర్నాడు తెల్లవారకముందే అత్తగారు పున్నమ్మ లేపి, చేతికో ఇత్తడి బిందె ఇచ్చి దిబ్బ కిందికి తీసుకెళ్ళింది.

బావి ఉంటుందనుకుంది శకుంతల. గిలక ఉంటుందనుకుంది. అక్కడున్నది ఇసుకలో వాలుగా తవ్విన పెద్ద గుంట. తాటిదుంగలతో కట్టిన ఐదు మెట్లు. అడుగున మోకాలి లోతు నీళ్ళు, ఆ నీళ్ళలో ఇంకా ఆరని వేగుచుక్క. అంతే దొరువు.

బిందె ముంచబోయిన కొత్తకోడలి మణికట్టు మీద అత్తగారు ఒక్కటి వేసింది.

"ముంచకే. వంచు. పైపైన నీళ్ళు బిందెలోకి వాటంతటవే రావాలి. అడుగు కదిలించావంటే లేస్తాడు."

"ఎవరత్తయ్యా?"

"ఇంకెవరు, సముద్రుడు. మన కాళ్ళ కిందే పడుకుని ఉన్నాడు. దిబ్బ తాగిన వాననీరు ఆయన మీద దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. మనం దుప్పటి అంచు తీసుకుంటున్నాం. మొత్తం లాగితే ఊరుకుంటాడా?"

కాలేజీలో చదివిన ఏ పాఠమూ శకుంతలకి ఇంత బాగా అర్థం కాలేదు. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. ఒకదాని మీద ఒకటి తేలుతుంది. ఆ సంగతి పున్నమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆమె ఎవరికీ చెప్పకుండానూ ఉండలేదు.

తెల్లవారుజాము నుంచి పొద్దు మొగలిపొదల మీదికొచ్చేదాకా తోడుకోవాలి. ఎండెక్కాక దొరువుని వదిలెయ్యాలి, నీళ్ళు ఊరాలి. సాయంత్రం మళ్ళీ కాసిని. నీళ్ళు తగ్గి మూడో మెట్టు బయటపడిందంటే ఎంత అవసరమున్నా సరే, ఆడవాళ్ళు బిందెలు గట్టు మీద బోర్లించి ఇళ్ళకి వెళ్ళిపోవాలి. కాపలా లేదు, చీటీ లేదు. మెట్టు కనిపించిందంటే కనిపించింది, అంతే.

ఆ గట్టు మీదే శకుంతలకి ఈ ఊరు పరిచయమైంది. ఎవరి కూతురు ఎవరింటికి వెళుతోందో, ఎవరి గేదె ఎండిపోయిందో, ఎవరి మొగుడు బాపట్ల బస్టాండులో ఎలా పడిపోయాడో, అన్నీ నీళ్ళు ఊరేలోపు తేలిపోయేవి. మొగలిపూలు విచ్చే రోజుల్లో తడి ఇసుక మీద కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. కొత్తిమీర మళ్ళ మీద బిందె వంచి, అరచెయ్యి అడ్డుపెట్టి చిలకరిస్తుంటే, ఆకు మీద పడిన చప్పుడు ఇసుక మీద పడిన చప్పుడుతో కలిసి ఒక వాన కురిసినట్టుండేది. ఇరవైమంది కలిసి చిలకరిస్తే దిబ్బ కింద రోజూ వానే.

చుట్టుపక్కల దిబ్బలన్నీ ఒక్కొక్కటే ట్రాక్టర్లెక్కి వెళ్ళిపోయాయి. దిబ్బ పోయిన చోట దొరువు పోయింది, దొరువు పోయిన చోట కూరమళ్ళు పోయాయి, మనుషులు గుంటూరు, చీరాల పనులకి పోయారు. ఇదొక్కటే మిగిలింది. బాపట్లలో వ్యవసాయం చదివిన కొడుకు బాబీ రెండేళ్ళ క్రితం ఊళ్ళోకి తిరిగొచ్చి, ఇసుక జారకుండా దిబ్బ నిండా మొగలి, తాటి, బాలబంద తీగ నాటించాడు. నాటింది దిబ్బ కింద కూరమళ్ళు పండించుకునే చంద్రకళ, ఆమె వెంట ఉన్న ఆడవాళ్ళు. దిబ్బ నిలబడింది. దొరువులో ఒక మెట్టు నీళ్ళు పెరిగాయి. వాళ్ళ తోటకూర, గోంగూర పొద్దున్నే రైలెక్కి తెనాలి దాకా వెళ్ళడం మొదలుపెట్టాయి. తీరం వెంట నాటడానికి ఇలాంటి మొక్కలే కావాలని పక్క ఊళ్ళ నుంచి అడిగేసరికి, నర్సరీ కూడా పెట్టారు.

ఆ నర్సరీ మొక్కల కోసమే బాబీ దొరువులో మోటారు దింపాడు. నాలుగు రోజులు ఆడింది. ఐదో రోజు నీళ్ళు ఉప్పెక్కాయి.

"అక్కడ నిలబడి ఏం చూస్తావు?" వెనక నుంచి సీతారామాంజనేయులు గొంతు. ఆయన పెరటి గుమ్మం దాకా వచ్చాడు. అంతకన్నా ముందుకి రాడు. దొరువు దగ్గరికి ఆయన వెళ్ళి ముప్ఫై ఏళ్ళు దాటింది.

"వాడు తిన్నాడా?" అన్నాడు.

"రాత్రి నుంచి ఏమీ తిన్లేదు. నర్సరీ షెడ్డులో కూర్చున్నాడు."

"నా బుద్ధే వచ్చింది వాడికి," అన్నాడాయన, నెమ్మదిగా. "నేనైనా చెప్పి ఉండాల్సింది."

ఆ మాటకి శకుంతల గిన్నె ఇంకో చేతికి మార్చుకుంది. ఆ క్షణంలో చెప్పేసి ఉంటే బాగుండేది. చెప్పలేదు. ఆయన ఆ మెత్తదనంలోనే ఇంకో మాట అన్నాడు.

"చూడు శకుంతలా, మా అక్కయ్యకి ఈ నేల మీద పిడికెడు మట్టి రాలేదు. కన్నకూతురుండగా మా అమ్మ తీసుకెళ్ళి పరాయింటి పిల్లకి రాసింది. కిరీటికి ఇస్తే, పోయినవాళ్ళ తప్పు మనం దిద్దినట్టుంటుంది."

శకుంతల గిన్నె కింద పెట్టింది.

"పరాయింటి పిల్లకా?"

"ఆ అర్థంలో అనలేదు."

"నలభై ఏళ్ళయింది. ఇంకా ఏ అర్థంలో పరాయిదాన్నో చెప్పండి, వింటాను."

"మాట పట్టుకోకు."

"పట్టుకోను. అత్తయ్య నాకెందుకు రాసిందో మీకు తెలియదా?"

"ఆయిలింజను సంగతి ఎత్తకు."

"నేనెత్తలేదు. మీరే ఎత్తారు."

ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇద్దరి మధ్యా ఆ ఇంజను వచ్చి నిలబడింది.

పెళ్ళైన ఐదో ఏడు ఆయన తెనాలి నుంచి లారీలో ఆయిలింజను తెచ్చాడు. అరటితోట వేద్దామని. దొరువులో పైపు దింపి ఇంజను ఆన్ చేశాడు. ఊరంతా చూడ్డానికొచ్చింది. పున్నమ్మ కట్టుచీరతో దొరువులోకి దిగి, పైపు మీద రెండు కాళ్ళూ వేసి నిలబడింది. "తోడుకో నాయనా, నన్నూ కలిపి తోడుకో," అంది. ఊరందరి ముందూ ఆయన ఇంజను ఆపాడు. ఆ మరుసటి నెల ఆమె ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి బాపట్ల వెళ్ళి దిబ్బని కోడలి పేర రాయించింది. ఆ సంగతి కొడుక్కి టీకొట్టు దగ్గర తెలిసింది.

"మా అమ్మ నన్ను నమ్మలేదు" అని ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారే అన్నాడు, అదీ ఆవిడ దినం రోజున, విస్తరి ముందు కూర్చుని.

వీధి గుమ్మంలో మనుషుల అలికిడైంది.

చంద్రకళ ముందుంది. వెనక పదిహేనుమంది దాకా ఆడవాళ్ళు. ఎప్పుడూ పెరటి దారిన వచ్చే మనుషులు ఇవాళ వీధి వైపు నుంచి వచ్చారు. అది చూసే శకుంతలకి సగం అర్థమైంది.

చంద్రకళ చెంగులోంచి పిడికెడు తోటకూర తీసి అరుగు మీద పెట్టింది. ఆకు అంచులు మాడిపోయి, కాడలు పండుబారి ఉన్నాయి.

"మళ్ళ మీద తెల్లగా పొక్కులేస్తోందమ్మగారూ. నాలిక మీద పెట్టుకుంటే ఉప్పే. నిన్న కోసుకెళ్ళింది తెనాలి మార్కెట్టులో ఒకావిడ వాసన చూసి వెనక్కిచ్చింది."

"కూర్చో చంద్రకళా."

"కూర్చోడానికి రాలేదండి."

బాబీ షెడ్డులోంచి వచ్చి నిలబడ్డాడు. గడ్డం పెరిగింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తప్పు నాది చంద్రకళక్కా. నేనే మోటారు పెట్టాను. చదువుకుని కూడా…"

"తప్పెవరిదైతే ఏంటి బాబూ, చచ్చింది నా తోటకూర," అంది చంద్రకళ.

వెనక ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నారు.

సరిగ్గా అప్పుడే కిరీటి మోటారుసైకిలు గుమ్మం ముందాగింది. చంకలో ఫైలు. మనుషుల్ని చూసి తడబడ్డాడు, కానీ మర్యాద తప్పే మనిషి కాదు.

"బాగున్నారా అత్తయ్యా. మావయ్యా, ఏంటి, ఊరంతా ఇక్కడే ఉంది?"

"రారా, కూర్చో," అన్నాడు సీతారామాంజనేయులు. చెప్పాల్సింది ఆడవాళ్ళ ముందే చెప్పడం మంచిదని ఆయనకి తోచింది. "చంద్రకళా, జరిగింది జరిగింది. కిరీటి గదులు కడితే మీ అందరికీ పని చూపిస్తానంటున్నాడు."

"నెల జీతం," అన్నాడు కిరీటి. "ఎండలో నీళ్ళు మొయ్యక్కర్లేదు."

"ఏం పని బాబూ?" అనడిగింది చంద్రకళ. నిజంగానే తెలుసుకోవాలనుకుంది.

"ఊడవడం, దుప్పట్లు మార్చడం, వంట. రకరకాలుగా ఉంటాయక్కా."

"ఆ గదుల్లోకి నీళ్ళెక్కడివి?"

"లోతు బోరు వేస్తాం."

వెనక నుంచి ఒక ముసలమ్మ అడిగింది. "అంటే సముద్రాన్ని కొళాయిలోకి ఎక్కిస్తారా నాయనా? వచ్చినోళ్ళు సబ్బు రుద్దుకుంటే నురగొస్తదా?"

ఈసారి నవ్వు ఆగలేదు. కిరీటి కూడా నవ్వబోయి, మావయ్య మొహం చూసి మానేశాడు.

"నవ్వుకోండి," అన్నాడు సీతారామాంజనేయులు. "ఇప్పుడు మీకున్న నీళ్ళకి మాత్రం నురగొస్తుందా? నా కొడుకు కుర్రతనం కొద్దీ చేశాడు. వాళ్ళమ్మ ఇంట్లో లేనప్పుడు చూసి మోటారు దింపాడు. ఇప్పుడు వాణ్ణి నలుగురిలో నిలబెట్టి…"

"నేను ఇంట్లోనే ఉన్నాను," అంది శకుంతల.

బాబీ చటుక్కున తలెత్తాడు. "అమ్మా, వద్దు."

"ఉండరా. వాడు నన్నడిగే పెట్టాడు. అమ్మా, నర్సరీ మొక్కలు పక్క ఊళ్ళకి వెళ్ళిపోయేదాకా నాలుగు రోజులు మోటారు పెట్టనా అనడిగాడు. నీ ఇష్టం అన్నాను." ఆమె భర్త వైపు చూడలేదు. చంద్రకళనే చూస్తూ చెప్పింది. "వాడికి పుస్తకాల్లో ఉన్నది తెలుసు. ఈ దొరువు సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను."

అరుగు మీద పేపరు గాలికి రెపరెపలాడుతోంది. దాన్నెవరూ పట్టుకోలేదు.

"ఎందుకన్నారు?" అంది చంద్రకళ.

"ఆ రోజు నువ్వు నీ కోడలిని వెంటబెట్టుకొచ్చావు. ఎనిమిదో నెల. బిందె చంకనెత్తుకుని ఐదు మెట్లూ ఎక్కుతుంటే చూడలేకపోయాను. నా మోకాళ్ళు ఎక్కనివ్వవు, నేను సాయం పట్టలేను. నాలుగు రోజులే కదా, అందరి తలల మీదా బరువు దిగుతుంది కదా అనుకున్నాను. అంతే."

చంద్రకళ కళ్ళలో ఏదో మెత్తబడింది. కానీ గొంతు మెత్తబడలేదు.

"నా కోడలి కడుపు చూసి జాలిపడ్డారు. బాగుందమ్మగారూ. ఆ జాలేదో నాకొక్క మాట చెప్పి పడుంటే నేనే వద్దనేదాన్ని. మా అమ్మ మీ అత్తగారి పక్కనే మోసింది. మూడో మెట్టు సంగతి మీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. మీరు కొల్లిపర నుంచొచ్చి నేర్చుకున్నారు, నేనిక్కడే పుట్టాను."

"నిజమే."

"మరి అడగలేదెందుకో చెప్పనా? దిబ్బ మీది కాబట్టి. మొక్క నాటింది మేము, నీళ్ళు మోసింది మేము. మోటారు పెట్టాలా వద్దా అన్నది మాత్రం తల్లీకొడుకుల మధ్య మాట."

శకుంతల తలదించుకుంది. అత్తగారు మణికట్టు మీద కొట్టిన దెబ్బ ఇంతగా నొప్పి పెట్టలేదు.

"వానల దాకా మేం దొరువు ముట్టుకోం," అంది చంద్రకళ. "మళ్ళు ఎండిపోనీండి. చెరువు నీళ్ళు తెచ్చి మొక్కల్ని ఎలాగో బతికిస్తాం. కానీ వానలయ్యాక మళ్ళీ మీ మాట మీద దిగం. ఇకముందు అక్కడ మోటారు పెట్టాలన్నా, తట్టెడు ఇసుక తియ్యాలన్నా మా ఇరవై ఇళ్ళూ ఒప్పుకోవాలి. కాగితం మీద, బాపట్లలో, అందరి వేలిముద్రలతో. మీ మాట మంచిదేనండి. మోకాళ్ళు నొప్పెడితే మారిపోతుంది, అదే చిక్కు."

"దిబ్బ రాసిమ్మంటున్నావా?" అన్నాడు సీతారామాంజనేయులు. ఆయన గొంతులో కోపం లేదు. వింటున్నది నిజమేనా అన్న అనుమానం ఉంది.

"దిబ్బ ఆమెగారి పేరు మీదే ఉండనీండి. మమ్మల్నడక్కుండా ఏదీ చెయ్యకుండా చేతులు కట్టేసే కాగితం చాలు."

అందరూ శకుంతల వైపు చూశారు.

ఈ ఊళ్ళో ఆమెదంటూ ఉన్నది అదొక్కటే. పొలం భర్తది, ఇల్లు భర్తది. దిబ్బ మాత్రం, మణికట్టు మీద కొట్టిన చెయ్యి ఆమె చేతిలో పెట్టింది. ఎవరేమన్నా కాదనడానికి ఇన్నేళ్ళూ ఆమెకున్న బలం అదే. ఇప్పుడు దాన్ని ఇరవై చేతుల్లో పెట్టాలి.

"రాస్తాను," అంది.

సీతారామాంజనేయులు లేచాడు. ఏదో అంటాడని అందరూ చూశారు. ఆయన లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. గడియ పెట్టిన చప్పుడు మాత్రం వినిపించలేదు.

కిరీటి ఫైలు తెరవనే లేదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"మా అమ్మకేం చెప్పమంటారు అత్తయ్యా?"

"నేనే ఫోను చేసి చెబుతానురా."

"వద్దులెండి," అన్నాడు. "ఇప్పటిదాకా మీరందరూ అన్నీ అయిపోయాకే ఆవిడకి చెప్పారు. ఈసారి నేను ముందు చెబుతాను."

మోటారుసైకిలు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎవరూ భోజనానికి లేవలేదు. క్యాను నీళ్ళతో వండిన అన్నం మూత కిందే చల్లారింది. శకుంతల రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి, తట్టకుండా తిరిగొచ్చింది. ఆయన మోటారు గురించి బాధపడుతున్నాడో, కాగితం గురించో, లేక ముప్ఫై ఏళ్ళ కిందట తనని ఆపినట్టు కొడుకుని ఎవరూ ఆపలేదని బాధపడుతున్నాడో ఆమెకి తెలియలేదు.

మూడవుతుండగా బాబీ, ఆడవాళ్ళు కలిసి తాళ్ళతో మోటారుని దొరువులోంచి పైకి లాగారు. శకుంతల గట్టు మీద నిలబడి చూసింది. ఒక్కొక్కరే బిందెలు తెచ్చి గట్టు మీద బోర్లించారు. ఆ వరస చూసి ఎంతకాలమైందో. అప్పట్లో ఇత్తడివి, ఎండకి మెరిసేవి. ఇప్పుడన్నీ ప్లాస్టిక్కువి, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. అయినా బోర్లించిన పద్ధతి అదే, మూతులు ఇసుకలోకి ఆనేలా.

దిబ్బ అవతలి దారిలో ఆటో ఆగింది.

దిగింది సామ్రాజ్యం. సీతారామాంజనేయులు అక్కగారు, కిరీటి తల్లి. డెబ్భై దాటిన మనిషి. ఇంటి వైపు రాలేదు. రేపల్లె నుంచి రెండు గంటలు బస్సులో వచ్చి, కర్లపాలెంలో ఆటో మాట్లాడుకుని, తిన్నగా మొగలిపొదల మధ్య నుంచి వచ్చింది. కొత్తగా నాటిన మొక్కల్ని తొక్కకుండా, పాత కాలిబాట ఎక్కడ వంపు తిరుగుతుందో ఇంకా గుర్తున్నట్టు, అడుగులో అడుగేసుకుంటూ.

"వదినా," అంటూ శకుంతల ఎదురెళ్ళింది.

సామ్రాజ్యం తల పంకించింది గానీ ఆగలేదు. గట్టు మీద చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. చంద్రకళ చెయ్యందించబోయింది. ఆవిడ పుచ్చుకోలేదు. అడుగు మెట్టు మీద కూర్చుని, చాలాసేపు నీళ్ళనే చూసింది. తర్వాత కుడి అరచేతిని నీళ్ళలో ముంచకుండా, అంచున ఆనించి, కొంచెం వంచింది. పై నీళ్ళు వాటంతటవే చేతిలోకి వచ్చాయి.

శకుంతల ఆ చెయ్యి వంకే చూసింది. అచ్చం అత్తగారి చెయ్యే.

సామ్రాజ్యం తాగింది. ఉమ్మెయ్యలేదు. మింగింది.

"ఉప్పే," అంది.

"నా వల్లే వదినా," అంది శకుంతల, నాలుగు మెట్లు కష్టంగా దిగి. "కిరీటి చెప్పే ఉంటాడు."

"చెప్పాడు. నీ కాగితం సంగతీ చెప్పాడు." ఆవిడ వెనక్కి తిరగలేదు. "నా ఏడో ఏట మా అమ్మ నాకు చిన్న కుండ కొనిపెట్టింది, దొరువుకి రమ్మని. పదహారో ఏట పెళ్ళి చేసి పంపించేదాకా ఒక్క పూట మానలేదు. రేపల్లెలో నాకిన్నేళ్ళూ దాహం తీరలేదంటే నవ్వుతారు. మా అమ్మ నీకు రాసిందని తెలిసినప్పుడు నేను ఏడిచింది ఇసుక కోసం కాదే, శకుంతలా."

"వదినా…"

"కిరీటి గదులంటాడు, వాడి అవసరం వాడిది. నాకేం కావాలో వాడూ అడగలేదు, మీ ఆయనా అడగలేదు. నా పేరు చెప్పుకుని వాళ్ళు, మా అమ్మ పేరు చెప్పుకుని నువ్వు." ఆవిడ తడి చెయ్యి చీరకి తుడుచుకుంది. "తియ్యగా ఉన్నన్నాళ్ళు మీరుంచుకున్నారు. ఉప్పయ్యాకైనా ఇందులో నా వాటా నాకివ్వు."

"ఏం చేస్తారు వదినా?" అంది శకుంతల. ఆ మాట అనుకోకుండా నోట్లోంచి వచ్చేసింది.

గట్టు మీద చంద్రకళ, ఆమె వెనక ఆడవాళ్ళందరూ ఆ జవాబు కోసం వంగి చూస్తున్నారు. వాళ్ళ పక్కనే, ఎప్పుడొచ్చాడో, సీతారామాంజనేయులు నిలబడి ఉన్నాడు.

సామ్రాజ్యం అప్పుడు తిరిగి మరదలి మొహంలోకి చూసింది.

"ఏం చేస్తానో తెలిస్తేనే ఇస్తావా? వీళ్ళని అడక్కుండా చేసినందుకు పొద్దున నలుగురిలో తప్పొప్పుకున్నావట. బాగుంది. రేపు వీళ్ళకి కాగితం రాసేస్తావు. మరి నన్నెప్పుడడుగుతావే?"



పైన సీతారామాంజనేయులు వంగి, ఒకటి తర్వాత ఒకటిగా, రెండు చెప్పులూ విడిచాడు. ముప్ఫై ఏళ్ళుగా తొక్కని మొదటి మెట్టు మీద కాలు మోపాడు.